ముందు గూడు, తర్వాతే డ్రాగన్

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు తల్లిదండ్రులు కొందరు, పిల్లలు కుక్కపిల్లను అడిగితే బియర్డెడ్ డ్రాగన్ వైపు మొగ్గుతుంటారు. వాకింగ్‌కు తిప్పక్కర్లేదు, మొరగదు, పగలు ఇంట్లో ఎవరూ లేకపోయినా దిగులు పడదు. అంతవరకు నిజమే. అయితే పగలంతా దాన్ని కాపాడాల్సింది మీరు కాదు, మీరు అమర్చిన గూడే. అందుకే గూటి విషయంలో రాజీ పడొద్దు.

మన కంచెల మీద కనిపించే తొండా, ఇదీ ఒకే కుటుంబం. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని పొడి నేలలు. పెద్దదైతే తోకతో కలిపి 18 నుంచి 24 అంగుళాలు పెరుగుతుంది. తన ఒంటికి కావలసిన వేడిని తానే పుట్టించుకోలేదు. కాసేపు ఎండలోకి, కాసేపు నీడలోకి మారుతూ సర్దుకుంటుంది. గూడంతా ఒకే వేడిలో ఉంటే దానికి తప్పించుకునే దారి ఉండదు.

చోటు: పెద్ద డ్రాగన్‌కు కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉండాలి. గూటికి ఒకటే డ్రాగన్. రెండింటిని కలిపి ఉంచితే కొట్టుకుంటాయి. కిటికీ ఎండ నేరుగా పడేచోట గాజు ట్యాంకు పెట్టొద్దు, లోపల వేడి ప్రాణం తీసేంత పెరుగుతుంది.

వేడి: ఒక కొసన బాస్కింగ్ లైటు, దాని కింద చదునైన రాయి లేదా లావుపాటి కొమ్మ పెట్టండి. ఆ రాయి మీద 100 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో కొసన 75 నుంచి 85 ఉండాలి. గోడకు అతికించే ముల్లు థర్మామీటర్‌ను నమ్మొద్దు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో డ్రాగన్ పడుకునే చోటే చూడండి. లైటును థర్మోస్టాట్‌కు కలపడం తప్పనిసరి. మీరు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడు వేడి పెరిగితే తగ్గించేది అదే. కరెంటుతో వేడెక్కే రాళ్లు కొనొద్దు, పొట్ట కాలుతుంది.

యూవీబీ: ఎండలో ఉండే ఈ అతినీలలోహిత కిరణాలు లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 సరిగా తయారవదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు. కాళ్లు వంకర పోతాయి, దవడ మెత్తబడుతుంది. 10 లేదా 12 శాతం టీ5 హెచ్‌ఓ ట్యూబు తీసుకోండి. గూటి పొడవులో సగానికి పైగా ఉన్న ట్యూబును బాస్కింగ్ లైటు ఉన్నవైపే బిగిస్తే రెండోవైపు నీడ మిగులుతుంది. మామూలు కిటికీ గాజు యూవీబీని ఆపేస్తుంది కాబట్టి కిటికీలోంచి వచ్చే ఎండ దీనికి బదులు కాదు. పైన ఇనుప జాలీ ఉంటే అదీ కొంత అడ్డుకుంటుంది. ట్యూబుకూ డ్రాగన్‌కూ మధ్య డబ్బా మీద రాసిన దూరాన్ని పాటించండి. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ లోపల యూవీబీ తగ్గిపోతుంది. బిగించిన తేదీని ట్యూబు చివర మార్కర్‌తో రాసి, ఏడాదికోసారి మార్చండి.

సామాన్లు: నేలకు గరుకు టైల్స్ మేలు. పిల్ల డ్రాగన్‌కు పేపర్ టవల్ చాలు. దుకాణాల్లో అమ్మే కాల్షియం ఇసుక వద్దు, మింగితే పేగుల్లో అడ్డం పడొచ్చు. బరువైన రాళ్లను గూటి అడుగుకే ఆనించండి. మట్టి మీద పెడితే డ్రాగన్ తవ్వినప్పుడు దాని మీద పడతాయి. కొమ్మను ఏటవాలుగా ఆనించి చేత్తో గట్టిగా ఊపి చూడండి, కదిలితే మళ్లీ బిగించండి. దాక్కునే గుహ చల్లటి కొసన తప్పకుండా ఉండాలి.

ఆఫీసు రోజులు: లైట్లకు టైమర్ పెట్టి 12 గంటలు వెలిగేలా చూడండి. ఉదయం లైటు వెలిగి, ఒళ్లు వేడెక్కాక తిండి పెట్టండి. రాత్రి లైటు ఆరే ముందు పెడితే అరగదు. మేతగా వేసిన కీచురాళ్లలో మిగిలినవాటిని తీసేయండి, నిద్రపోతున్న డ్రాగన్‌ను కొరుకుతాయి. రాత్రి ఎర్ర లైట్లు అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు: సరీసృపాల నుంచి సాల్మొనెల్లా సోకుతుంది. 5 ఏళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు ఉన్న ఇంటికి ఇవి తగవని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉండే ఇళ్లు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. డ్రాగన్ గిన్నెలను వంటింటి సింకులో కడగొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అపార్ట్‌మెంట్ లీజులో సరీసృపాలకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. హవాయిలో వీటిని పెంచడం చట్టవిరుద్ధం. ఇండియాలో ఉన్నవాళ్లు ఈ సరదాతో ఉడుమును పట్టి తెచ్చారంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

గూడు సిద్ధమయ్యాక ఒక శని, ఆదివారాలు ఖాళీగా నడిపి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేడి రాసుకోండి. అంకెలు కుదిరితేనే డ్రాగన్‌ను తీసుకురండి. కుదరకపోతే పిల్లలకు నచ్చజెప్పి ఇంకో వారం ఆగండి. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే ప్రాణి అది. ఆ మాత్రం ఓపిక దానికి మనం బాకీ.