నీలి టోపీ కావాలంటే ముందు ఖాకీ

శాంతిసేనలో చేరాలంటే దరఖాస్తు ఎక్కడ పెట్టాలని అమ్మాయిలు తరచూ అడుగుతుంటారు. ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యం లేదు. సభ్యదేశాలు పంపే సైనికులు, పోలీసులే నీలి టోపీ పెట్టుకుంటారు. కాబట్టి ముందు ఇక్కడి యూనిఫాం వేసుకోవాలి.

2007లో సీఆర్‌పీఎఫ్ మహిళలు వంద మందికి పైగా లైబీరియా వెళ్లారు. ఐరాస మిషన్లలో పూర్తిగా మహిళలతో ఏర్పడిన మొదటి పోలీసు దళం అదే. రాజధాని మన్రోవియాలో రాత్రి గస్తీ తిరిగారు, దేశాధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా కాశారు. దళాలు మారుతూ 2016 దాకా అక్కడే ఉన్నాయి.

పది పాసైతే సీఆర్‌పీఎఫ్ లాంటి దళాల్లో చేరడానికి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) జీడీ కానిస్టేబుల్ పరీక్ష ఉంది. 2024 నుంచి దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. డిగ్రీ ఉంటే కేంద్ర సాయుధ పోలీసు దళాల (సీఏపీఎఫ్) అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష, సైన్యంలోకైతే సీడీఎస్ పరీక్ష; రెండూ యూపీఎస్సీ నిర్వహించేవే. రాష్ట్ర పోలీసుల్లో ఉన్నవారు దళంతో కాకుండా విడిగా మిషన్‌కు వెళ్లాలంటే కనీసం ఐదేళ్ల సర్వీసు కావాలి. ఆపైన ఇంగ్లిష్, డ్రైవింగ్, ఫైరింగ్ పరీక్షలు. డ్రైవింగ్ అంటే స్కూటీ కాదు, గేర్లున్న జీపు. ఇప్పుడే నేర్చుకోండి.

ఇక చేదు విషయం. కాపాడటానికి వెళ్లినవాళ్లే కాటేసిన సందర్భాలున్నాయి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో శాంతిసైనికులపై అత్యాచార ఆరోపణలు రావడంతో 2015 ఆగస్టులో అక్కడి మిషన్ అధిపతి చేత రాజీనామా చేయించారు. డబ్బు, తిండి, ఉద్యోగం ఎరచూపి లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని ఐరాస 2003 నాటి నిబంధనే నిషేధించింది. పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో ‘వయసు తెలియలేదు’ అన్నా చెల్లదు. 2016లో భద్రతామండలి 2272వ తీర్మానంతో మొత్తం దళాన్నే వెనక్కి పంపే వీలొచ్చింది. అయితే సైనికుడిపై కేసు నడిపి శిక్షించాల్సింది అతని దేశమే. అసలు మెలిక అక్కడుంది.

మహిళల్ని పంపితే మగవాళ్లు బుద్ధిగా ఉంటారన్న వాదన నాకు మింగుడుపడదు. బాధితురాలు మహిళా అధికారి ముందు కాస్త సులువుగా నోరు విప్పుతుందేమో. అంతమాత్రాన తోటివాడి నడతకు ఆమెను కాపలా పెట్టలేం. అది కమాండర్ పని.

యూనిఫాం వద్దనుకునే లా, సోషల్ వర్క్ విద్యార్థులకూ చోటుంది. మిషన్లలో ఇలాంటి ఫిర్యాదులు చూసే క్రమశిక్షణ బృందాలు, బాధితులకు అండగా నిలిచే విభాగాలు ఉంటాయి. ఈ సివిలియన్ పోస్టులకు ఐరాస కెరీర్స్ వెబ్‌సైట్‌లో నేరుగా దరఖాస్తు చేయొచ్చు. ఏ దశలోనూ ఫీజు ఉండదు. డబ్బు కడితే పోస్టు ఖాయమని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.