మనము చెప్పినది, పిల్లలు విన్నది

సండే స్కూలు ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును పాఠము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 3:1-10, నెహెమ్యా 8:1-12, యోహాను 11:11-14



మా సంఘములో ప్రతి బుధవారము సాయంకాలము ఒక్కొక్కరి ఇంట గృహ కూడిక జరుగును. ఒక వారము ఆ ఇంటి బాబు, రెండవ తరగతి చదువువాడు, నోటు పుస్తకమును పెన్సిలును పట్టుకొని చాప మీద అందరికంటె ముందు కూర్చుండెను. పాటలు అయినవి, ప్రార్థన అయినది, వాక్యము అయినది. అందరము లేచి టీ త్రాగుచుండగా వాడు తల్లి కొంగు లాగి, "అమ్మా, కూడిక ఎప్పుడు చేస్తారు?" అని అడిగెను. వాని తాతగారు ఇంటిలో వానికి తెలుగు లెక్కలు నేర్పుచున్నారు. కూడిక, తీసివేత. మన ఇంటిలో కూడిక ఉన్నదని తల్లి చెప్పగా, లెక్కలు చేయవలెనని వాడు సిద్ధపడి వచ్చెను.

మేము అందరము నవ్వితిమి. వాడు ఏడ్చెను. నవ్వు వచ్చుట సహజమే గాని, ఆ తరువాత చాల వారములు ఆ బిడ్డ సండే స్కూలులో ఏమియు అడుగలేదు. ఈ పాఠము వ్రాయుటకు మొదటి కారణము అదే.

వాడు ధ్యాస లేక తప్పుగా వినలేదని గమనించవలెను. అక్కడ ఉన్న పెద్దలలో పుస్తకము తెచ్చినవారు ఎవరును లేరు. అందరికంటె శ్రద్ధగా వినినవాడు వాడే. చిన్న బిడ్డలు మన మాటను తమకు ముందే తెలిసిన దానితో జతపరచుకొందురు. తెలిసినది కొంచెము గనుక జత ఒక్కొక్కసారి తప్పును.

బాలుడైన సమూయేలు సంగతియు ఇట్టిదే. దేవుడు పిలిచెను, సమూయేలు ఏలీ యొద్దకు పరుగెత్తెను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎందుకనగా రాత్రివేళ మందిరములో తన పేరు పెట్టి పిలుచువాడు ఆ బిడ్డ ఎరిగినంతవరకు ఏలీ ఒక్కడే. అతడు అప్పటికి యెహోవాను ఎరుగడని 7వ వచనములో వ్రాయబడియున్నది. ఏలీ అనేక విషయములలో తప్పిపోయిన యాజకుడే. అయినను ఈ రాత్రి అతడు చేసినది మనము నేర్చుకొనదగినది. కన్నులు మందగించిన ముసలివాడు, మూడుసార్లు నిద్ర చెడినను బిడ్డను కసరలేదు. మూడవసారి తానే ఆలోచించి, ఆ బిడ్డ వినుచున్నది ఏమిటో గ్రహించి, ఏమి చెప్పవలెనో నేర్పి పంపెను.

ఇరువది మూడవ కీర్తన పాఠము చెప్పిన తరువాత మా తరగతిలో పిల్లలకు కాగితములిచ్చి కాపరి బొమ్మ గీయుడని చెప్పితిమి. ఒక పాప కళ్లజోడు, తెల్ల చొక్కా, చంకలో బైబిలు గీసెను. అది మా పాస్టరు అయ్యగారే. ప్రతి ఆదివారము "మన సంఘ కాపరి" అని ఆ పాప వినుచున్నది. గొఱ్ఱెలు మేపువానిని ఆమె ఎన్నడును చూడలేదు. కాబట్టి అయ్యగారు ఉన్నంతకాలము తనకు ఏ లోటును ఉండదని ఆమె నేర్చుకొనెను. ఆయన బదిలీపై వెళ్లినయెడల ఆమె విశ్వాసము ఏమి కావలెను?

మన మందిరపు మాటలను ఒకసారి ఆరేండ్ల బిడ్డ చెవితో వినుడి. ఆదివారము పగలు పదకొండు గంటలకు "ప్రభురాత్రి భోజనము" అందుము. బిడ్డ చూచునది రాత్రియు కాదు, భోజనమును కాదు; చిన్న రొట్టెముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షారసము. ఆ మొదటి రాత్రిని గూర్చి మనము చెప్పనిదే ఆ పేరు ఎట్లు తెలియును? ప్రకటన 7:14 ప్రకారము గొఱ్ఱెపిల్ల రక్తములో వస్త్రములు తెల్లబడినవని బోధింతుము. చొక్కాకు రక్తపు మరక అయితే ఎంత రుద్దినను పోదని బిడ్డకు బాగుగా తెలియును.

"పాపము" అను మాట మరి చిక్కైనది. మన ఇండ్లలో ఆ మాటను తరచుగా ఎప్పుడు వాడుదుము? కాలు విరిగిన కుక్కపిల్లను చూచి "అయ్యో పాపం" అందుము. కన్నడములో "పాప" అనియు, తమిళములో "పావం" అనియు ఆ మాటయే దోషమునకును జాలికిని వాడుదురు. కనుక పాపము అనగా జాలిపడవలసినదని బిడ్డ తలంచుటలో వింత లేదు. ఇక యేసు పాపుల కొరకు వచ్చెనని చెప్పినప్పుడు, "పాపల కోసం" అని వినిన చిన్నది ఒకతె, "మరి పెద్దవాళ్ల కోసం ఎవరు వచ్చారు టీచరమ్మా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు మాలో ఎవరికిని వెంటనే జవాబు దొరకలేదు.

స్వదేశము విడిచి తరతరములుగా ఇతర రాష్ట్రములలో నివసించుచున్న మన సంఘములకు ఇంకొక కష్టము కలదు. మన బిడ్డలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, మందిరములో బైబిలు తెలుగు వినుచున్నారు. ఒకే శబ్దము రెండు భాషలలో రెండు అర్థములు ఇచ్చును. "ప్రార్థన మనకు అవసరము" అని చెన్నైలోనో బెంగుళూరులోనో చెప్పినయెడల, తమిళమునను కన్నడమునను "అవసరము" అనగా తొందర గనుక, ప్రార్థన త్వరత్వరగా ముగించవలెనని బిడ్డ వినవచ్చును. పోనీ "తొందరపడవద్దు" అందుమా, కన్నడములో "తొందరె" అనగా కష్టము, ఇబ్బంది. బరంపురములో ఒడియా బడికి పోవు బిడ్డకు శిక్ష అనగా చదువు. పాపమునకు శిక్ష తప్పదనిన అతనికి ఎట్లు వినబడునో ఆలోచించుడి. షోలాపూరులో మరాఠీ చదువు పిల్లలతో "రాగము తీసి పాడండి" అనునప్పుడు జాగ్రత్త. వారి భాషలో "రాగ్" అనగా కోపము. యానాము సంఘములవారికి ఈ చిక్కు లేదు. అక్కడ ఇల్లు, వీధి, మందిరము అంతయు తెలుగే. వారు ఈ పేరా చదివి నవ్వుకొనవచ్చును.

నెహెమ్యా దినములలో యూదులకు ఇట్టి స్థితియే కలిగెను. చెర నుండి తిరిగి వచ్చినవారు నీటి గుమ్మము నెదుట కూడి ధర్మశాస్త్రము వినిరి. పురుషులు, స్త్రీలు మాత్రమే గాక, విని గ్రహింపగలవారందరును అక్కడ ఉండిరి. లేవీయులు చదివి ఊరకుండలేదు, అర్థము చెప్పిరి. జనులు తమకు మాటలు తెలిసినవి గనుక సంతోషించిరని 12వ వచనములో ఉన్నది. అదే గ్రంథము 13:24లో, సగము మంది పిల్లలు అష్డోదు భాష మాటలాడుచు యూదుల భాష మాటలాడలేకపోయిరని చదువుచున్నాము. తరువాతి వచనములో నెహెమ్యా ఆ తండ్రులలో కొందరిని కొట్టి తలవెండ్రుకలు పెరికెను. ఆ విషయములో మనము ఆయనను అనుసరింపనక్కర లేదు.

"అర్థమైందా?" అని అడిగితే పిల్లలు "అర్థమైంది" అందురు. అబద్ధమాడవలెనని కాదు, నిజముగానే అట్లు అనుకొందురు. స్విట్జర్లాండు దేశస్థుడైన జీన్ పియాజే 1923లో ప్రచురించిన గ్రంథములో ఒక పరీక్షను వివరించెను. ఆరు మొదలు ఎనిమిదేండ్ల బిడ్డలలో ఒకరికి కుళాయి ఎట్లు పనిచేయునో బొమ్మతో చూపి, ఆ బిడ్డ చేత మరియొక బిడ్డకు చెప్పించెను. చెప్పిన బిడ్డ తాను బాగుగా చెప్పితిననుకొనెను. వినిన బిడ్డ తనకు తెలిసినదనుకొనెను. మరల అడిగి చూడగా ముఖ్యమైన సంగతులు జారిపోయియుండెను. పెద్దలమైన మనమును ఇట్లే మోసపోవుచున్నాము.

బాప్తిస్టులమైన మనకు ఇది చిన్న విషయము కాదు. మనము శిశువులకు బాప్తిస్మమియ్యము. ఎవరి ఒప్పుకోలు వారు స్వయముగా ఇయ్యవలెనని నమ్మువారము. అట్లయిన ఒప్పుకొను బిడ్డ దేనిని ఒప్పుకొనుచున్నదో మనకు తెలిసియుండవద్దా? మా సంఘములో తొమ్మిదేండ్ల అమ్మాయి బాప్తిస్మము కోరెను. "నీ పాపములు క్షమించబడెనని నమ్ముచున్నావా?" అని అడిగితిమి. "అవునండి" అనెను. అందరము సంతోషించితిమి. డీకనుగారి భార్య మాత్రము ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఎందుకు తీసుకోవాలనుకుంటున్నావమ్మా?" అని మెల్లగా అడిగెను. అక్కకు రొట్టె ఇచ్చుచున్నారు, తనకు ఇచ్చుటలేదు, అదియే కారణము. కొంచెము ఆగి ఆ బిడ్డ, "నీళ్లలో పాతిపెడతారంట కదండీ, ఎంతసేపు ఉంచుతారు?" అని అడిగెను. రోమా 6:4 మీద మేము చేసిన బోధ ఆమె వినినది. అంత భయము కడుపులో పెట్టుకొని కూడ అక్కతో కలిసి కూర్చుండవలెనని సిద్ధపడెను. మేము ఆమెను త్రోసివేయలేదు, ఆగుమంటిమి. రెండేండ్ల తరువాత తానే వచ్చి అడిగినప్పుడు ఆమె చెప్పిన సాక్ష్యము వేరు.

"అవును" అని తప్ప వేరు జవాబు రాని ప్రశ్నలు పిల్లలను అడుగవద్దు. "ఈ కథ మీ తమ్మునికి ఎట్లు చెప్పుదువు?" అని అడిగి, మధ్యలో దిద్దక, చివరి వరకు వినుడి. నిర్గమకాండము 12:26లో, ఈ ఆచారమేమిటని పిల్లలు అడుగుదురని దేవుడు ముందే ఎరిగి, జవాబును తలిదండ్రులకు నేర్పెను. అడిగిన బిడ్డను నవ్వితే మరల అడుగదు. కూడిక నాడు మేము నేర్చుకొనినది అదే.

ఇక మాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి. మా సంఘపు పెద్ద ఒకరు ప్రభువునందు నిద్రించిరి. మందిరములో అట్లే ప్రకటించితిమి. భూస్థాపన దినమున అయిదేండ్ల మనుమరాలిని మేమే ఎత్తుకొని పెట్టె యొద్దకు తీసికొనిపోయి, "తాతయ్య నిద్రపోతున్నాడమ్మా" అని చెప్పితిమి. ఎవరో, "దేవుడు తీసుకుపోయాడు" అనిరి. ఇంకొకరు, "మంచివాళ్లు దేవునికి కావాలి" అనిరి. తరువాత పది దినములు ఆ బిడ్డ రాత్రులు నిద్రపోలేదు. కన్ను మూతపడగానే ఉలిక్కిపడి లేచి కూర్చుండును. నాయనమ్మను పడుకోనిచ్చెడిది కాదు. అప్పటివరకు చెప్పినట్లు వినెడి పిల్ల, పళ్లెము త్రోసి, గిన్నెలు విసరి అల్లరి చేసెను. దయ్యము పట్టినదని అనువారు కూడ బయలుదేరిరి. చివరకు ఆమె తల్లి ఓర్పుతో అడుగగా తెలిసినది. నిద్రపోయినవారిని పెట్టెలో పెట్టి మట్టి కప్పుదురు. మంచివారిని దేవుడు తీసికొనిపోవును. కనుక నిద్రపోకూడదు, మంచిగా ఉండకూడదు. మా మూడు మాటలను కలిపి ఆ బిడ్డ చేసికొనిన లెక్క అది. లెక్కలో తప్పు లేదు. ఇచ్చిన అంకెలు మావి.

హంగేరీ దేశములో మరియా నాగి అను ఆమె మూడు మొదలు పదేండ్ల పిల్లలతో మాటలాడి 1948లో ప్రచురించిన పరిశోధనలో, అయిదేండ్ల లోపు బిడ్డలు మరణమును ఒక నిద్రగానో, ప్రయాణముగానో తలంతురని చెప్పెను. వారు ముందే అట్లు తలంచుచుండగా, మనమును అదే మాట చెప్పి దానిని గట్టిపరచుచున్నాము.

యోహాను 11వ అధ్యాయములో ప్రభువు లాజరు నిద్రించుచున్నాడనెను. శిష్యులు, నిద్రపోయినయెడల బాగుపడునని తలంచిరి. ఎదిగిన పురుషులే, ఆయనతో తిరిగినవారే అట్లు పొరబడిరి. ప్రభువు వారిని గద్దింపలేదు, ఆ మాటనే పట్టుకొని వాదింపలేదు. 14వ వచనములో, లాజరు చనిపోయెనని స్పష్టముగా చెప్పెను. నిద్ర అను మాట తప్పు కాదు. పౌలు కూడ 1 థెస్సలొనీక 4లో దానిని వాడెను. మేమును దానిని మానుకొనము, మా ప్రకటనలలో అది ఉండును. కాని అది పునరుత్థానము సంగతి తెలిసినవారికి ఆదరణ. తెలియని బిడ్డకు 14వ వచనము ముందు చెప్పవలెను.

ఆ తల్లి అట్లే చెప్పెను. "తాతయ్య చనిపోయాడమ్మా. ఆయన ఒళ్లు ఇక ఊపిరి తీసుకోదు, ఆకలి వేయదు, నొప్పి తెలియదు. అందుకే మట్టిలో పెట్టాము. నిద్రపోవడం అది కాదు. మనం నిద్రపోతే పొద్దున్నే లేస్తాము. నువ్వు మంచిగా ఉన్నందుకు దేవుడు నిన్ను తీసుకుపోడు. తాతయ్య జబ్బుతో చనిపోయాడు. యేసయ్య దగ్గర ఉన్నాడు. ఆయన వచ్చినప్పుడు తాతయ్యను లేపుతాడు." బిడ్డ, "రేపా?" అని అడిగెను. "ఎప్పుడో అమ్మకు తెలియదు" అని తల్లి చెప్పెను.

ఆ రాత్రి బిడ్డ నాయనమ్మ ప్రక్కన పడుకొనెను. కొన్ని దినముల వరకు మధ్యరాత్రి మేలుకొని, ముసలమ్మ ముక్కు క్రింద వ్రేలు పెట్టి చూచెడిది. ఆమె విసుగుకొనక, "ఊపిరి ఉందిలే తల్లీ, పడుకో" అనెడిది. బిడ్డ వ్రేలు తీసికొని మరల నిద్రపోవుచుండెను.