మన ఒంట్లోని మూడు కోటలు

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. ఒకే హాలులో పక్కపక్కన పడుకుని, ఒకే పంక్తిలో భోంచేసే మన హాస్టల్ విద్యార్థులకు ఈ మాట మరింత వర్తిస్తుంది. ఒకరికి ఆటలమ్మ సోకితే కొన్నాళ్ళకే నలుగురికీ పాకుతుంది. అయితే చిన్నప్పుడే అది వచ్చి తగ్గినవారికి సాధారణంగా మళ్ళీ రాదు. దీనికి కారణం మన శరీరంలోని వ్యాధి నిరోధక శక్తి. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

మొదటి కోట – చర్మం:

గాయం లేని చర్మాన్ని దాటి సూక్ష్మజీవులు లోపలికి రావడం కష్టం. ముక్కులోని వెంట్రుకలు, జిగురు దుమ్మును పట్టి ఆపుతాయి. కన్నీటిలో, లాలాజలంలో ఉండే లైసోజైమ్ బాక్టీరియాల గోడలను పగలగొడుతుంది. అన్నంతోపాటు లోపలికి వెళ్ళిన క్రిములను చాలావరకు జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చంపేస్తుంది.

రెండవ కోట – భక్షక కణాలు:

కాలిలో ముల్లు గుచ్చుకుంటే మొదటి కోటకు కన్నం పడినట్లే. వెంటనే రక్తంలోని తెల్ల కణాలు అక్కడికి చేరతాయి. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉంటాయి. వీటిలో భక్షక కణాలు క్రిములను మింగి అరిగించుకుంటాయి. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త నక్షత్ర చేప లార్వాలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఈ రంగంలో చేసిన కృషికి 1908లో నోబెల్ బహుమతి పొందాడు. గాయం ఎర్రబడి వేడెక్కడం ఈ పోరాటానికి గుర్తు. చీములో ఎక్కువగా ఉండేవి పోరులో చనిపోయిన తెల్ల కణాలే.

మూడవ కోట – లింఫోసైట్లు:

ఇవి శత్రువును గుర్తుపట్టే సైన్యం. బి కణాలు ఆ క్రిమికి సరిపోయే ప్రతిదేహాలను తయారుచేస్తాయి. టి కణాలలో కొన్ని, క్రిమి చొరబడిన మన కణాలనే నాశనం చేస్తాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా! అది లింఫ్ గ్రంథి. ఈ సైన్యం అక్కడ పెరగడం వల్లే అది ఉబ్బుతుంది.

కొత్త శత్రువుకు తగిన సైన్యం సిద్ధం కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆలోగా జబ్బు మనల్ని పడేస్తుంది. పోరాటం ముగిశాక జ్ఞాపక కణాలు మిగిలిపోతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే అవి త్వరగా మేలుకుని దాన్ని అణచివేస్తాయి.

ఈ జ్ఞాపకం ఎన్నాళ్ళుంటుంది? ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులలో 1781లో తట్టు వ్యాపించింది. తర్వాత 65 ఏళ్ళు అక్కడ ఆ జబ్బు లేదు. 1846లో మళ్ళీ వచ్చినప్పుడు సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మంది దాకా మంచం పట్టారు. కానీ 1781లో తట్టు వచ్చిన ముసలివారిలో ఒక్కరికీ రెండోసారి రాలేదని డెన్మార్క్ వైద్యుడు పానమ్ గమనించాడు.

టీకా ఎందుకు?

జబ్బు పడకుండానే ఈ జ్ఞాపకాన్ని ఇచ్చేది టీకా. 1796లో జెన్నర్ మొదలుపెట్టిన మశూచి టీకా వల్లనే 1980 నాటికి ఆ వ్యాధి ప్రపంచం నుండి తొలగిపోయిందని ప్రకటించగలిగారు. 2017 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేశారు.

ధనుర్వాతం సంగతి వేరు. దాని విషం కొద్దిపాటిదైనా ప్రాణం తీస్తుంది. కానీ శరీరం గుర్తుపెట్టుకోవడానికి ఆ కొద్దిపాటి చాలదు. అందుకే ఆ జబ్బు వచ్చి బతికినవారు కూడా టీకా వేయించుకోవాలి. చిన్నప్పుడు వేసిన టీకా బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టి.డి. టీకా వేస్తారు. ఈ రెండూ మనం హాస్టల్లో ఉండే వయసులే.

ఇక్కడ గుర్తు చేయడానికి అమ్మానాన్నలు దగ్గర ఉండరు. నర్సమ్మ వచ్చిన రోజు సూదికి భయపడి దాక్కునే చిన్న తరగతుల తమ్ముళ్ళను, చెల్లెళ్ళను చేయి పట్టుకుని తీసుకెళ్ళవలసింది పెద్ద తరగతుల వాళ్ళమే. ప్రతిదేహాలు మాంసకృత్తులతో తయారవుతాయి కనుక పప్పు, గుడ్డు వదలకుండా తిందాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా, మన కోటలను ముందే బలపరచుకుందాం.