కీర్తనలయందలి వేదనయు నవజీవనాపేక్షయు

కీర్తనలను వినోదమునకై పాడువారు గలరు. అలవాటుచొప్పున పాడువారును గలరు. పాట మన జీవితమును మార్పవలెనన్నచో, అందలి వేదన యే మార్గమున నడచునో తెలియవలెను. ఆ మార్గమునకు మూఁడు మెట్లు గలవని మేము తలంచెదము.

మొదటిది మొర. భద్రాచలమున గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడినందులకు గోలకొండ చెఱసాలలోఁ బడిన రామదాసు, తాను చేయించిన నగల లెక్క చెప్పి స్వామిని నిలదీసెను. పిమ్మట ఆ మాటలకే క్షమ వేఁడెను. ఆతఁడు సాకారోపాసకుఁడు, మన యుపాసన నిరాకారపరబ్రహ్మమునకు. అయినను దుఃఖమును దాఁపక దైవము నెదుట విప్పిచెప్పుట యుభయులకు సమానమే.

రెండవది ఆత్మపరీక్ష. త్యాగరాజు (1767–1847) గౌళరాగ పంచరత్నకీర్తనమున తన దోషములనే యొకటొకటిగా నెంచుకొనెను. మొర “నా కేల యీ కష్టము?” అని యడుగును; ఆత్మపరీక్ష “నేనేమి చేసితిని?” అని యడుగును.

మూఁడవది నవజీవనాపేక్ష. రవీంద్రనాథుఁడు 1902లో భార్యను, 1903లో కుమార్తెను, 1905లో తండ్రియగు దేవేంద్రనాథమహర్షిని, 1907లో కనిష్ఠపుత్రుని గోల్పోయెను. 1910లో వెలువడిన వంగభాషా గీతాంజలి పోయినవానిని తిరిగి యిమ్మని కోరదు. అహంకారము నణఁపుమనియు, దుఃఖమును భరింప బలమిమ్మనియు వేఁడును. యౌవనమున బ్రహ్మసమాజప్రభావము నొందిన చలము గీతాంజలిని తెనిఁగించెను.

ఇచ్చట నొక యపాయము గలదు. శోకము మధురమైనకొలఁది దానిని విడువ బుద్ధి పుట్టదు. 1925లో వెలువడిన కృష్ణపక్షము యువకులకు కన్నీటి మాధుర్యమును చవిచూపెను. కాని దేవులపల్లి కృష్ణశాస్త్రి యంతటితో నిలువలేదు. బ్రహ్మసమాజప్రార్థనలకు కీర్తనలు రచించి, ఆ గళమునే యీశ్వరాభిముఖము గావించెను.

తెనాలి చెంతనున్న నందివెలుగు ప్రాంతపు రైతునకు దీనిని వేఱుగ బోధింప నక్కఱలేదు. వేసవిలో నెఱ్ఱెలు విచ్చిన నేల కాలువనీరు పాఱినంతనే పండదు. దున్నవలెను, నాటవలెను, కలుపు తీయవలెను. కన్నీరును అట్టిదే. భజన ముగించి లేచినవాఁడు తోడిమానవుని కులమడిగి గడప వెలుపల నిలిపినచో, ఇంటనున్న వితంతువును శుభకార్యమునకు దూరముంచినచో, పాట గొంతు దిగి గుండె చేరలేదనుటకు సందేహమేల? 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసినది. మనస్సునుండి దానిని తొలఁగించు పని మనది.

కావున సోదరసోదరీమణులారా, పాట ముగిసిన వెంటనే లేవక కొంతసేపు మౌనముగాఁ గూర్చుండుఁడు. నా బాధ యేది? అందు నా దోష మెంత? రేపు నేను చేయవలసిన దేమి? ఈ మూఁడవ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినదాఁక ఆ కీర్తనము పూర్తికాలేదని యెఱుఁగుఁడు.