పాత కొట్టంలో బ్రూవరీ: గోడకు ఊపిరాడాలి

ఇంగ్లాండు వాయవ్య మూలన, కంబ్రియా ప్రాంతంలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న ఊరుంది. అక్కడి ‘ఓల్డ్ క్రౌన్’ పబ్ వెనకనున్న పాత కొట్టంలో 1988లో ఒక బ్రూవరీ మొదలైంది. యజమాని దాన్ని వదులుకునే సమయం వచ్చినప్పుడు, ఊరివాళ్లు, ఆ బీరును ఇష్టపడే మరికొందరు తలా కొంత డబ్బు వేసుకుని 1999లో సహకార సంఘంగా ఏర్పడి దాన్ని కొనుక్కున్నారు. 2003లో పబ్ కూడా అదే పద్ధతిలో ఊరి చేతికి వచ్చింది. స్కిడ్డా, బ్లెన్‌కాత్రా వంటి చుట్టుపక్కల కొండల పేర్లే అక్కడి బీర్లకూ పెట్టారు.

పాత కొట్టాలు, మిల్లులు ఇలా చిన్న బ్రూవరీలుగా మారడం పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు మామూలే. వాటా వేసినవాళ్ల చూపు సహజంగా మెరిసే స్టీలు ట్యాంకుల మీదకే పోతుంది. కానీ ఆ డబ్బు నిలుస్తుందా, మునుగుతుందా అనేది నేల, గోడ, గాలి విషయంలో తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడుతుంది.

బరువు లెక్క తేలికైనదే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తీసే తీపి ద్రవాన్ని వర్ట్ అంటారు. 1000 లీటర్ల వర్ట్ సుమారు 1050 కిలోలు తూగుతుంది. ట్యాంకుతో కలిపి 1200 కిలోలు అనుకుంటే, మీటరు వ్యాసమున్న ట్యాంకు కింద చదరపు మీటరుకు దాదాపు 1500 కిలోలు పడతాయి. మన దేశంలో ఇళ్ల గదుల నేలకు లెక్కలోకి తీసుకునే భారం సుమారు 200 కిలోలే. అందుకే ట్యాంకుల్ని చెక్క అటక మీదకు ఎక్కించరు. కింది నేలనే తవ్వి కాంక్రీటు పోస్తారు. కడిగిన నీళ్లు నిలవకుండా మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు పెడతారు.

అసలు చిక్కు గోడతోనే. పాతకాలపు రాతి గోడను సున్నంతో కట్టారు. పునాది దగ్గర తేమను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. దీపంలో వత్తి నూనెను లాగినట్టే ఇదీ కేశనాళికీయత. మైక్రాను వ్యాసార్థమున్న గొట్టంలో, సూత్రం ప్రకారం నీరు 15 మీటర్ల దాకా ఎక్కాలి. నిజమైన గోడల్లో మాత్రం తేమ సాధారణంగా మీటరు ఎత్తు దగ్గరే ఆగుతుంది. ఎక్కుతున్న నీరు ఎక్కినట్టే గోడ ముఖం నుంచి ఆవిరైపోవడమే కారణం. కింద నుంచి వచ్చేదీ పైనుంచి పోయేదీ సమానమైన చోట తేమ గీత నిలుస్తుంది.

ఇలాంటి గోడకు, గట్టిగా ఉంటుందని సిమెంటు పూస్తే ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. తేమ గీత ఇంకా పైకి జరుగుతుంది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనక స్ఫటికాలుగా పేరుకుని, రాయిని పొరలు పొరలుగా రాలగొడతాయి. చలి దేశాల్లో రంధ్రాల్లోని నీరు గడ్డకట్టి మరింత చీలుస్తుంది. మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతే గోడను తినేస్తుందన్నమాట. హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో 20వ శతాబ్దపు సిమెంటు పూతల్ని తొలగించి మళ్లీ సున్నపు పూత వేసింది కూడా ఇలాంటి నష్టాన్ని ఆపడానికే.

బ్రూవరీ ఈ గోడ మీదకు లోపలి నుంచి కూడా తేమను పంపుతుంది. వర్ట్‌ను గంటపాటు మరిగిస్తే సుమారు 6 శాతం ఆవిరవుతుందనుకుంటే, 1000 లీటర్లకు 60 లీటర్లు. అది ఆవిరి రూపంలో దాదాపు 100 ఘనపు మీటర్లు, అంటే 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న గది మొత్తం నిండేంత! ఆ ఆవిరి చల్లని రాతిని తాకితే నీరుగా మారుతుంది, పైకప్పు దూలాలకు బూజు పడుతుంది. అందుకే గొట్టం ద్వారా ఆవిరిని బయటికి పంపుతారు. లేదంటే కండెన్సర్‌తో పట్టుకుంటారు. కిలో ఆవిరి నీరయ్యేటప్పుడు సుమారు 2260 కిలోజౌళ్ల గుప్తోష్ణం వదులుతుంది. ఆ వేడిని తర్వాతి విడత నీళ్లు కాచడానికి వాడుకోవచ్చు. చిన్న సహకార సంఘానికి అది ఇంధనం ఆదా.

ఇక కంటికి కనిపించని ప్రమాదం. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు దాదాపు అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 5 శాతం ఆల్కహాలున్న 1000 లీటర్ల బీరు తయారైతే, కొన్ని రోజుల్లో సుమారు 20 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది. అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే నేలమాళిగల్లో, గుంతల్లో చేరుతుంది. 1767లో లీడ్స్ పట్టణంలో ఒక బ్రూవరీ పక్కన కాపురం పెట్టిన జోసెఫ్ ప్రీస్ట్లీ ఆ తొట్ల మీద నిలిచే వాయువుతోనే ప్రయోగాలు మొదలుపెట్టాడు. సోడా నీళ్ల తయారీకి దారి పడింది అక్కడే.

పాత కొట్టం సందుల్లోంచి వీచే గాలి ఈ వాయువును తనంతట తనే బయటికి తోసేసేది. ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలని ఆ సందులన్నీ మూసేస్తే ఆ రక్షణ పోతుంది. నేల మట్టంలోంచి గాలిని లాగే ఫ్యాన్లు పెట్టక తప్పదు.

పాత బావిలోకి దిగేముందు లాంతరు దించి చూడడం మన పల్లెల్లోనూ ఉన్న అలవాటే. ఇక్కడ దాన్ని నమ్మలేం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతానికి చేరితే ప్రాణాపాయమని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ చెబుతోంది. అప్పటికి ఆక్సిజన్ 21 నుంచి 20 శాతానికే తగ్గుతుంది. దీపం ఆరాలంటే అది 16 శాతం దగ్గరికి పడిపోవాలి. కాబట్టి మనిషి కుప్పకూలే చోట దీపం నిక్షేపంగా వెలుగుతూ ఉండొచ్చు. అందుకే బ్రూవరీల్లో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచే అలారం పెడతారు. సాధారణంగా అర శాతం దగ్గరే అది మోగాలి. దాన్ని బిగించేది పైకప్పుకు కాదు, నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో.