మాయ దాటే చక్కెర

కాన్పు కాగానే మన పెద్దవాళ్ళు "మాయ పడిందా?" అని అడుగుతారు. కొన్ని ఊళ్ళలో మావి అంటారు, సంస్కృతంలో జరాయువు, డాక్టర్లు ప్లాసెంటా అంటారు. నెలలు నిండేసరికి సుమారు అరకిలో తూగే ఈ మాయ గుండానే బిడ్డకి ఆహారం అందుతుంది. మరి గర్భిణికి షుగరు వస్తే ఇది ఏం చేస్తుంది?

తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో మాయలోని పలచని కణాల పొర ఉంటుంది. ఆ పొరలో గ్లట్-1 అనే ప్రోటీన్లు తలుపుల్లా పనిచేస్తాయి. గ్లూకోజ్ ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి వాటి గుండా పోతుంది. మాయ తనక్కావలసింది వాడుకుని మిగతాది బిడ్డకి పంపుతుంది. తల్లి రక్తంలో చక్కెర పెరిగితే బిడ్డకి చేరేదీ పెరుగుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాదాపుగా దాటదు. చక్కెర వస్తుంది, దాన్ని సర్దే ఇన్సులిన్ రాదు. చిక్కంతా ఇక్కడే.

అప్పుడు బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఈ సంగతిని డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సెన్ 1952లో వివరించాడు. ఆ ఇన్సులిన్ వల్ల బిడ్డకి కొవ్వు పట్టి బరువు పెరుగుతుంది. కాన్పులో భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంది. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అందుకే కొందరు పిల్లలకి పుట్టిన కొద్ది గంటల్లోనే చక్కెర పడిపోతుంది. మడమ నుంచి రక్తం తీసి చూసేదీ, వెంటనే పాలు పట్టమనేదీ ఇందుకే.

ఇంతకీ ఈ షుగరు ఎందుకొస్తుంది? "తీపి ఎక్కువ తిన్నావు" అని కోడలిని తప్పుపట్టేస్తారు. అసలు మాయ నుంచి వచ్చే హార్మోన్లే తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. బిడ్డకి గ్లూకోజ్ మిగలాలని ప్రకృతి చేసిన ఏర్పాటు అది. చాలామందికి క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేసి సరిపెడుతుంది. అలా సరిపెట్టలేకపోతే గర్భిణీ మధుమేహం. అధిక బరువు, ఇంట్లో షుగరు ఉండడం లాంటివి ఆ అవకాశాన్ని పెంచుతాయి. మాయ పడిపోయాక చాలామందికి ఇది తగ్గిపోతుంది.

తరచు పైకి ఏ లక్షణమూ కనిపించదు, పరీక్షతోనే తెలుస్తుంది. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలుపుకుని తాగాలి. రెండు గంటల తర్వాత డెసిలీటరు రక్తంలో 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే గర్భిణీ మధుమేహం అంటారు. పరగడుపున రావక్కర్లేని ఈ పద్ధతిని మన దేశంలో ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యులు చెన్నై వైద్యులు వి. శేషయ్య. ఆయన పుట్టినరోజు మార్చి 10ని గర్భిణీ మధుమేహ అవగాహన దినంగా జరుపుతున్నారు. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి.

సీమంతంలో "ఇద్దరి తిండి తినమ్మా" అని స్వీట్లు పెట్టడం మనకి అలవాటు. పుట్టిన బిడ్డ బొద్దుగా ఉంటే మురిసిపోతాం. ఆ బొద్దుదనం ఒక్కోసారి చక్కెర పనే కావచ్చు. మన అక్కలు, వదినలు కడుపుతో ఉంటే "షుగరు పరీక్ష అయిందా?" అని అడుగుదాం. షుగరు వచ్చినవాళ్ళకి కాన్పయిన ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయించాలని గుర్తుచేద్దాం. మాయతో పాటు షుగరు పోయినా, తర్వాతి ఏళ్ళలో అది తిరిగొచ్చే అవకాశం వాళ్ళకి ఎక్కువ.