దివిసీమలో ఉప్పెన, కరకట్ట, ఉప్పునేల

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండుగా చీలి బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఆ పాయల నడుమనున్న దివిసీమనూ, దానికి పడమటనున్న నిజాంపట్నం అఖాతపు తీరాన్నీ నది తెచ్చిన ఒండ్రు, సముద్రపు అలలు కలిసి తీర్చాయి. 19వ శతాబ్ది మధ్యలో బెజవాడ ఆనకట్ట నిర్మాణంతో డెల్టాకు కాలువ నీరు అంది, వరిసాగు సముద్రపు అంచు వైపు విస్తరించింది.

ఉప్పెనల తాకిడి

తీరానికి చేరువలో సముద్రం లోతు తక్కువ, నేల వాలు స్వల్పం. అందువల్ల తుపాను గాలి నెట్టిన నీరు ఎత్తుగా లేచి చాలా దూరం లోపలికి వస్తుంది. 1864 నవంబరు 1న బందరు ప్రాంతంలో వచ్చిన ఉప్పెనకు సుమారు 30,000 మంది బలయ్యారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. మృతులు దాదాపు పదివేలని అధికారిక లెక్క. 1990 మే తుపాను కూడా తీవ్రమైనదే. అయినా ముందస్తు హెచ్చరిక, ప్రజల తరలింపు వల్ల ప్రాణనష్టం వెయ్యి లోపునకు తగ్గింది. ఉప్పెన నుండి ప్రాణాలను కాపాడేది ప్రధానంగా తరలింపేనని దీనివల్ల స్పష్టమవుతున్నది.

కరకట్ట చేసే మేలు, తెచ్చే చిక్కు

సేద్యం దృష్ట్యా కరకట్ట ముఖ్య ప్రయోజనం నిత్యం వచ్చే పోటు నీటిని పొలాల్లోకి రానీయకపోవడం. అయితే అదే కట్ట వాన నీటిని కూడా లోపల నిలుపుతుంది. మురుగు కాలువ తూముల తలుపులు పోటు వేళ మూసుకొని ఆటు వేళ తెరుచుకోవాలి. తలుపులు పాడైనా, కాలువ పూడినా ఉప్పునీరు ఎగదన్నుతుంది, వరి ముంపునకు గురవుతుంది.

నేల పునరుద్ధరణ

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. పది సెంటీమీటర్ల నీరు ఇంకితే ఎకరానికి సుమారు 14 టన్నుల ఉప్పు చేరినట్లే. నేల సారపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసైమన్స్ దాటితే అది చౌడు నేల. వరి దిగుబడి అంతకు ముందే, సుమారు 3 వద్దనే తగ్గనారంభిస్తుంది. ఉప్పెన నవంబరులో వస్తే తొలకరి వరకు నేల బీడుగా ఉంటుంది. ఎండకు తేమ ఆవిరై లవణాలు పైపొరకు చేరుతాయి. వేసవిలో పైపైన దుక్కి చేస్తే ఇది కొంత తగ్గుతుంది.

మొదట మురుగు నీటి దారిని బాగుచేయాలి. నేల పరీక్షలో సోడియం అధికమని తేలితే సిఫారసు మేరకు జిప్సం వేయాలి. తరువాత మళ్లలో మంచినీరు నిలిపి, కలియదున్ని, ఆ నీటిని తీసివేయాలి. జీలుగను పెంచి కలియదున్నాలి, చౌడును తట్టుకొనే వరి రకాలను ఎంచుకోవాలి. నీరు పోయే దారి లేనిచోట ఎంత జిప్సం వేసినా ఉప్పు పొలంలోనే మిగులుతుంది.

ముగింపు

ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోతున్నందున డెల్టాకు కొత్త మట్టి చేరిక తగ్గింది. అందువల్ల కరకట్ట ఎత్తు పెంచడం ఒక్కటే చాలదు. అలల తాకిడిని తగ్గించే మడ అడవులను కాపాడాలి. ఉప్పునీటి రొయ్యల చెరువులను వరి పొలాలకు దూరంగా ఉంచాలి. తూములను ఏటా తొలకరికి ముందే మరమ్మతు చేయాలి. కట్ట వెనుకనున్న నేల పంటకు పనికివచ్చేదీ రానిదీ వీటిపైనే ఆధారపడి ఉంటుంది.